దూప

దెయ్యాలంటే నమ్మకం లేదని ప్రత్యేకంగా చెప్పుకోవడం కూడా నాకు చిన్నతనంగానే ఉంటుంది. నేను డాక్టర్ని. పద్దెనిమిదేళ్లప్పుడు శవాన్ని కోసి, చేతులు కడుక్కుని, క్యాంటీన్‌కి పోయి పూరీ తిన్నదాన్ని. హాస్టల్లో మార్చురీ వైపు కిటికీ ఉన్న గది ఎవరికీ వద్దంటే, గాలి బాగా వస్తుందని నేనే తీసుకున్నాను. మా అమ్మ దిష్టి తీయబోతే ఉప్పు దండగ అని నవ్వేదాన్ని. ఇప్పుడు రాయబోయేది జరిగాక కూడా నాలో పెద్ద మార్పేమీ రాలేదు. ఇంటి గుమ్మానికి నిమ్మకాయలు కట్టలేదు, ఎవరి దగ్గరా తాయెత్తు కట్టించుకోలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నా తప్పు ఉన్నచోట తప్పనే రాస్తాను. కాదనుకునేవాళ్లు కాదనుకోవచ్చు, మొన్నమొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను.

మాది గుంటూరు వైపు. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం నేను పుట్టకముందే హైదరాబాద్ వచ్చారు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగాను. అపార్టుమెంటులో మావాళ్లే, స్కూల్లో మావాళ్లే, ఆఖరికి ఇంటికి పాలు పోసే ఆయన కూడా మా వైపు మనిషే. డాక్టరు చదువు విజయవాడలో అయింది. అమ్మాయికి తెలుగు చక్కగా వచ్చునని మా ఇంట్లో చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఈ నేల మీద ఇన్నేళ్లు ఉండి, ఇక్కడి మనిషి అడిగిన ఒక్క చిన్న మాట నాకు అర్థం కాలేదు. ఈ కథంతా ఆ మాట గురించే.

పెళ్లయ్యాక శంకర్‌పల్లి దగ్గర ఒక వెంచర్లో ఇల్లు కొనుక్కున్నాం. ఇంటికి దగ్గరని, మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డు మీద ఉన్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీకి చేరాను. దాని పేరుతో ఇక్కడ పని లేదు. క్యాజువాలిటీ అంటే రెండు మంచాలు, గోడకు ఆనించి ఒక బెంచీ, పక్కన కట్లు కట్టే గది. సర్జన్ని ఫోన్ చేసి పిలిపించాలి. రక్తం నిల్వ ఉండదు. పొట్ట స్కాన్ చేసే డాక్టరు మధ్యాహ్నం మూడింటికి వస్తాడు, ఆయన లేనంతసేపూ ఆ గదికి తాళం. యాక్సిడెంటు కేసు వస్తే ప్రాణం నిలబెట్టి సిటీకి పంపడమే మా పని.

నాతో పాటు డ్యూటీలో సునంద సిస్టర్ ఉండేది. యాభై దాటిన మనిషి, పుట్టింది చేవెళ్లలోనే. నాకంటే రెట్టింపు అనుభవం. నేను ఎవరి నరమైనా దొరక్క తడుముకుంటుంటే పక్కకు జరిపి ఒక్క పోటుతో సూది పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేది.

యాక్సిడెంటులో దెబ్బ తగిలిన మనిషిని చూడడానికి మాకు ఒక వరస నేర్పుతారు. గాయం ఎంత పెద్దదో ముందు చూడకూడదు. ముందు పేరు అడగాలి. పేరు చెప్పగలిగితే గొంతులో దారి తెరుచుకునే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది అని అర్థం. ఒక్క మాటతో మూడు సంగతులు తెలిసిపోతాయి. ఆ తర్వాతే నాడి, బీపీ, పొట్ట, ఎముకలు. ఇంకొకటి కూడా చెప్తారు: అరిచేవాడి దగ్గరికి కాదు, అరవనివాడి దగ్గరికి ముందు వెళ్లమని. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజు అన్నీ చేశాను కూడా.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంబావు అయి ఉంటుంది. చేవెళ్ల మార్కెట్‌లో కూరగాయలు అమ్ముకుని తిరిగి వెళ్తున్నవాళ్ల ఆటో, అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి బోల్తా పడింది. ఇద్దర్ని తెచ్చారు. ఆటో నడిపే మనిషికి కాలి ఎముక విరిగి చర్మంలోంచి బయటికి వచ్చింది. అతని కేకలకు ఓపీలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. రెండో మనిషి నడుచుకుంటూ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చేతిలో మడత పెట్టిన ఖాళీ గోనెసంచులు ఇంకా పట్టుకునే ఉంది.

నేను చదువుకున్నట్టే ముందు ఆమె దగ్గరికి వెళ్లాను. పేరు అడిగాను. మణెమ్మ అంది. ఊరు సురంగల్ అంది. ఆటో కమ్మీ ఎడమ పక్క డొక్కకు తగిలిందని చెయ్యి పెట్టి చూపించింది. నాడి కాస్త వేగంగా ఉంది, అంత భయపడిన మనిషికి ఉండేంతే. బీపీ బాగుంది. పొట్ట నొక్కితే మెత్తగానే ఉంది. గాయం లేదు, రక్తం లేదు. మంచం మీద పడుకోబెట్టి, మూడింటికి స్కాన్ డాక్టరు రాగానే ఈమెకు చేయించాలని కాగితం మీద రాసుకుని, అవతలి మనిషి వైపు తిరిగాను.

సునంద సిస్టర్ కట్ల గదిలో అతని కాలు పట్టుకుని ఉంది. నేను రెండు గదుల మధ్య తిరుగుతున్నాను. అప్పుడు మణెమ్మ పిలిచింది. అవతలి కేకల్లో సరిగా వినపడలేదు. దగ్గరికి వెళ్లి ఏంటమ్మా అన్నాను.

"డాక్టరమ్మా, జర దూప..." అంది.

నాకు వినిపించింది ధూపం అని. దీనికి ఒక కారణం ఉంది, సాకు అనుకున్నా సరే. అంతకు వారం ముందే ఒక పేషెంటు తాలూకువాళ్లు మంచం పక్కన సాంబ్రాణి ముట్టించి గది అంతా పొగ పెట్టారు. పక్కనే ఆక్సిజన్ సిలిండరు. ఆసుపత్రి పెద్దాయన అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశాడు. అది ఇంకా మంటగానే ఉంది. పైగా యాక్సిడెంటు అయినవాళ్లకు గాలీ ధూళీ సోకిందని ధూపం వేయడం ఈ చుట్టుపక్కల ఉందని నాకు నేనే అనుకున్నాను.

"ఇక్కడ ధూపం వెయ్యకూడదమ్మా, ఆక్సిజన్ ఉంది. ఇంటికెళ్లాక వేసుకోండి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. చదువుకున్న మనిషి చెప్తోంది కదా, ఏదో ఉంటుందిలే అని సర్దుకున్న చూపు అది. తల ఊపింది.

పది నిమిషాల తర్వాత మళ్లీ అడిగింది. నేను మళ్లీ అదే చెప్పాను, ఈసారి కాస్త విసుగ్గా. మూడోసారి అడిగినప్పుడు నేను ఆటో అతని ఇంటివాళ్లతో ఫోన్లో ఉన్నాను. చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఆ తర్వాత ఆమె అడగలేదు.

మాట వస్తోందా లేదా అని చూశాను. వచ్చింది, టిక్కు పెట్టుకున్నాను. ఏం మాటో వినలేదు.

ఒంటిగంటా పది నిమిషాలకు సునంద సిస్టర్ బీపీ చూడడానికి వచ్చి, "మేడం, జల్ది రాండ్రి," అని అరిచింది. ఆమె అరవడం నేను అదే మొదటిసారి వినడం. మణెమ్మ చెయ్యి ముట్టుకుంటే చల్లగా, చెమటతో తడిగా ఉంది. బీపీ డెబ్బైకి పడిపోయింది. పొట్ట గట్టిగా ఉబ్బి ఉంది. లోపల ఎడమ డొక్క కింద ఉండే ప్లీహం పగిలి, అప్పటిదాకా నిదానంగా కారిన రక్తం ఒక్కసారిగా పొట్టలోకి తన్నుకొచ్చింది. రెండు చేతులకూ సెలైన్లు పెట్టి, మా ఆసుపత్రి అంబులెన్సులోనే ఎక్కించి సిటీకి బయలుదేరాను. వెనక నేనూ ఆమే. అద్దానికి అవతల డ్రైవరు.

దారిలో ఆమె పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను. అదే మాట. ఈసారి నాకు జాలేసింది. ఆమె చెయ్యి పట్టుకుని, "అలాగే అమ్మా, వేయిద్దాం, ధూపం వేయిద్దాం," అన్నాను.

మొయినాబాద్ దాటకముందే గుండె ఆగింది. సిటీ ఆసుపత్రి గేటు దాకా నేను ఆమె ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. అక్కడివాళ్లు ఇంకో ఇరవై నిమిషాలు చూసి చాలు అన్నారు.

సాయంత్రం తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటూ సునంద సిస్టర్‌తో ఏదో మాట్లాడాలని, పాపం ఆఖరిదాకా ధూపం ధూపం అంటూనే పోయింది సిస్టర్ అన్నాను.

సిస్టర్ చేతిలో ఉన్న ట్రే బల్ల మీద పెట్టింది. "ధూపం కాదు మేడం. దూప. దూపైతున్నదంటె నీళ్లు గావాలె అన్నట్టు. దాహం."

నేను కొళాయి కట్టేయడం మర్చిపోయాను. ఆమే వచ్చి కట్టేసింది.

డాక్టర్లు కానివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. దెబ్బ తగిలిన మనిషి ఊరికే దాహం దాహం అంటుంటే, లోపల ఎక్కడో రక్తం పోతోందేమో అని అనుమానించాలి. నాడి, బీపీ చెప్పేలోపే నోరు చెప్తుంది. ఆ మాట నాకు అర్థమై ఉంటే నీళ్లు ఇచ్చేదాన్ని కాదు, ఆపరేషన్ పడొచ్చు కాబట్టి ఇవ్వకూడదు. కానీ మూడింటి దాకా ఆగేదాన్ని కాదు. అప్పటికప్పుడే అంబులెన్సు ఎక్కించేదాన్ని. నలభై నిమిషాలు కలిసొచ్చేవి. ఆ నలభై నిమిషాలతో బతికేదా అంటే ఏమో. చాలామంది బతుకుతారు. ఆ ‘చాలామంది’ అన్న మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఐదో రోజు పొద్దున ఒక పెద్దమనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తెల్ల పంచె, గుండు. మణెమ్మ భర్త, పేరు నర్సింలు అని సునంద సిస్టర్ చెప్పింది. గొడవకు వచ్చాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే గొడవ చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"మూడొద్దులకు పిట్టకు వెడితిమి మేడం. ముట్టలే," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఈసారి మాత్రం తల ఊపకుండా అడిగాను. మూడో రోజున చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారట. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు.

"రెండు గంటలు కూసున్నం. గోడ మీద వాలుతున్నయ్, ఎగిరిపోతున్నయ్. కల్లు వెట్టినం, కోడికూర వెట్టినం, ముట్టలే. ఆఖరికి మీతోనే ఉండె గద మేడం. ఏమన్న అడిగిందా?"

ఆ మనిషి నా నోటి వైపే చూస్తున్నాడు. నేను చెప్పొచ్చు. మూడుసార్లు నీళ్లు అడిగింది, నాకు మీ మాట రాదు, ధూపం అనుకున్నాను అని చెప్పొచ్చు. అంబులెన్సులో నాలుగోసారి అడిగిందని కూడా.

"లేదండీ. ఏమీ అడగలేదు. బాధ తెలియకుండానే పోయింది," అన్నాను.

"దానికి అడుగుడు అలవాటు లేదు మేడం. ముప్పై ఏండ్లల ఒక్క చీర గూడ నోరు తెరిచి అడగలే," అన్నాడు. లేచి, నాకే దండం పెట్టి వెళ్లిపోయాడు. సునంద సిస్టర్ నా వైపు చూడకుండా మందుల బీరువా సర్దడం మొదలుపెట్టింది. పిరికిదాన్ని, ఇంకేం చెప్పను.

ఆ తర్వాత రెండు నెలలు గడిచాయి. నేను డ్యూటీ మానలేదు. ఎండలు ముదిరాయి. అప్పుడు జరిగింది నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి.

ఆదివారం పొద్దున ఏడున్నర. సెలవు రోజుల్లో సిటీ నుంచీ, వెంచర్ల నుంచీ హెల్మెట్లు పెట్టుకుని ఖరీదైన సైకిళ్ల మీద గుంపులుగా ఆ రోడ్డున వస్తారు. వాళ్లలో ఒకాయన గుంటలో పడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, పేరు శ్రీకాంత్. ఊరు భీమవరం వైపు, ఉద్యోగం ఐటీలో. మోకాలు గీరుకుపోయింది. సైకిల్ హ్యాండిల్ కొస పొట్టకు ఎడమ పక్కన గుచ్చుకుని రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడింది. అంతే. భార్య కారులో వెంటనే వచ్చేసింది. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు.

పేరు అడిగాను, చెప్పాడు. నాడి కొంచెం వేగంగా ఉంది. పదిహేను కిలోమీటర్లు సైకిల్ తొక్కినవాడికి ఉండేదే. బీపీ బాగుంది. పొట్ట మెత్తగా ఉంది. "నాకేం లేదండీ, ఈ మోకాలికి కట్టు కట్టేస్తే వెళ్లిపోతాం. పిల్లలు ఇంట్లో ఒక్కళ్లే ఉన్నారు," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. బల్ల దగ్గరికి వచ్చి, మంచానికి వీపు పెట్టి, చీటీ రాయడం మొదలుపెట్టాను.

వెనక నుంచి వినిపించింది.

"డాక్టరమ్మా, జర దూపైతున్నది."

చాలా మామూలుగా వినిపించింది. గట్టిగా కాదు, గుసగుసగా కాదు. పక్కన ఉన్న మనిషి పక్కనున్న మనిషిని అడిగినట్టు. గొంతు ఆడదా మగదా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆ క్షణంలో నాకు మాట మాత్రమే వినిపించింది. తిరిగి చూశాను. శ్రీకాంత్ ఫోన్ చూసుకుంటున్నాడు.

భీమవరం మనిషి నోట ఆ మాట ఎలా వస్తుందని అప్పుడు నాకు తోచలేదు. నాకు తోచింది ఒక్కటే: దాహం. అప్పుడు నేను చేసినవన్నీ నా చేతులే చేశాయి. రెండు చేతులకూ సెలైన్ సూదులు పెట్టమని సిస్టర్‌కి చెప్పాను. అంబులెన్సు తియ్యమన్నాను. సిటీ ఆసుపత్రికి ఫోన్ చేసి, పొట్టలో రక్తస్రావం అనుమానం, ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచండి అన్నాను. ఆయన భార్య బెదిరిపోయింది. బీపీ బాగుందన్నారు కదండీ, ఏ ఆధారంతో పంపుతున్నారు అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర ఆధారం లేదు. నేను ఆమె మీద అరిచాను. అంతకుముందు ఏ పేషెంటు తాలూకువాళ్ల మీదా నేను అలా అరవలేదు.

ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. సిటీ ఆసుపత్రి గేటులోకి అంబులెన్సు మలుపు తిరుగుతుండగా ఆయన స్పృహ తప్పాడు. ప్లీహం పగిలింది. లోపల లీటరుకు పైగా రక్తం ఉందని అక్కడి సర్జను ఫోన్ చేసి చెప్పాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు. ఎలా కనిపెట్టారు అని అడిగాడు. పేషెంటు దాహం అన్నాడండీ అని చెప్పాను.

పది రోజులకు భార్యాభర్తలు స్వీటు డబ్బాతో వచ్చారు. మనిషి సగమయ్యాడు కానీ నవ్వుతున్నాడు. మాటల్లో నేనే అన్నాను, ఆ రోజు మీరు దూపైతోందని చెప్పకపోయి ఉంటే నేను పంపించేసేదాన్నని.

"దూప అంటే ఏంటండీ?" అన్నాడు.

నేను వేళాకోళం అనుకున్నాను. ఆయన మాత్రం నిజంగానే అడుగుతున్నాడు. భార్య నా వైపు ఒక రకంగా చూసి, "ఆ మాట అన్నది మీరు కదండీ," అంది. "మీరు చీటీ రాస్తూ రాస్తూ అన్నారు. ఆ మాటేమిటో నాకు తెలీదు, అందుకే గుర్తుండిపోయింది. ఆ సిస్టర్ గారు మీకు నీళ్ల సీసా తెచ్చి ఇచ్చారు. మీరు తాగకుండా అక్కడ పెట్టేశారు."

వాళ్లు వెళ్లాక సునంద సిస్టర్‌ని పిలిచాను. ఏమీ చెప్పకుండా, ఆ ఆదివారం సైకిలాయన ఏమన్నా అడిగాడా అని మాత్రం అడిగాను.

"ఆయనేమడగలే. మీరే నీళ్లడిగిన్రు మేడం. అచ్చం మా తీర్గనె అడిగిన్రు," అంది. మళ్లీ తనే, "మాట నేర్సుకున్నరనుకున్న. మంచిగనిపించింది," అంది.

క్యాజువాలిటీలో కెమెరా ఉంది. మాటలు వినపడవు, బొమ్మ మాత్రమే. పదిహేను రోజుల దాకా ఉంటుంది. ఒక్కదాన్నే కూర్చుని చూశాను. నేను బల్ల దగ్గర రాస్తున్నాను, నా వీపు కెమెరా వైపు ఉంది. మంచం మీద శ్రీకాంత్ ముఖం స్పష్టంగా ఉంది. ఆయన పెదవులు ఒక్కసారి కూడా కదలలేదు. నేను రాయడం ఆపాను. సునంద సిస్టర్ తల తిప్పి నా వైపు చూసి, వెళ్లి, సీసాతో తిరిగి వచ్చింది. ఆ తర్వాతే నేను ఉలిక్కిపడి మంచం వైపు తిరిగాను. ఎన్నిసార్లు చూసినా ఆ వరస మారలేదు.

దీనికి నేను నాకు చెప్పుకున్న జవాబు ఒకటుంది. ఆయన ముఖం పాలిపోవడం నా కళ్లు ముందే పట్టుకున్నాయి, మనసుకు చెప్పేలోపు నాలుక చెప్పేసింది, తప్పు చేసినదాన్ని కాబట్టి ఆ మాటే వచ్చింది. సైకియాట్రిస్టుగా పనిచేసే స్నేహితురాలు కూడా ఇదే చెప్పింది. నేను ఒప్పుకున్నాను. అక్కడితో ఆగితే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం సురంగల్ వెళ్లాను. నర్సింలుకు నిజం చెప్పేయాలని. ఎవరికీ చెప్పలేదు, ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్లాను. దారిలో భయానికి నోరెండుతుందేమోనని సీసాడు నీళ్లు తాగేశాను. ఇంటి ముందు దిగేసరికి నాకు దాహం లేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఇంకోసారి ఎవరైనా అడిగినా ఇదే చెప్తాను.

రేకుల ఇల్లు. పక్కనే కొత్తిమీర మడి. ఆయన నీడలో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. పలకరించలేదు. ఒక్క క్షణం నన్నే చూసి గబగబా లోపలికి వెళ్లాడు. చెంబు నిండా నీళ్లతో వచ్చి నా ముందు పట్టుకున్నాడు. నీళ్లు తొణికి నా చెప్పుల మీద పడ్డాయి.

"నేను అడగలేదండీ," అన్నాను.

"అడిగిన్రు గద మేడం. గేటు కాడ నిలవడి, జర దూపైతున్నదంటిరి." ఆయన చెంబు వైపే చూస్తూ, "మా ఇంటామె గూడ మార్కెట్ నుంచి వస్తె గట్లనె అనేది. ఇంట్ల అడుగు వెట్టకముందుకె," అన్నాడు.

అక్కడ వేసి ఉన్న మంచం మీద కూర్చుండిపోయి, మొత్తం చెప్పేశాను. ధూపం అనుకోవడం, ఆక్సిజన్ ఉందనడం, మూడోసారి చెయ్యి ఎత్తి ఆగమనడం, అంబులెన్సులో అన్న మాట, ఆ తర్వాత ఆయనతో ఆడిన అబద్ధం. ఏదీ మిగల్చలేదు. చెప్తున్నంతసేపూ ఏడుస్తున్నాను. ఆయన చెంబు కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడి విన్నాడు.

అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"పోసిన్రా?"

లేదన్నాను. ఆసుపత్రి నియమం గురించి చెప్పబోయాను. ఆ నియమం నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ దూదితో పెదవులు తడపడానికి ఏ నియమమూ అడ్డు లేదు. నోరు మూసుకున్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీకు తెల్వకపాయె," అన్నాడు. తర్వాత చెంబు నా చేతికి ఇచ్చాడు. "తాగుండ్రి."

మర్యాదకు ఒక గుక్క తాగి ఇచ్చేద్దామనుకున్నాను. చెంబు పైకెత్తాక దించలేకపోయాను. దాహం లేని మనిషిని, అంత నీళ్లూ ఊపిరి కూడా తీసుకోకుండా అడుగు దాకా తాగాను. మెడ మీదుగా కారి బట్టలు తడిశాయి. ఆయన ఖాళీ చెంబు తీసుకుని అందులోకి తొంగి చూశాడు.

ఆ తర్వాత అలాంటిది ఇంకెప్పుడూ జరగలేదు. ఇప్పుడు యాక్సిడెంటు కేసు ఎవరు వచ్చినా పేరు అడిగాక, దూపైతున్నదా అని అడుగుతాను. నా యాసకు కొందరు అంత నొప్పిలోనూ నవ్వుతారు. కాకి సంగతి మాత్రం నేను మళ్లీ ఆయన్ని అడగలేదు. క్యాజువాలిటీలో ఆ మాట అన్నది ఎవరో, గేటు దగ్గర అన్నది ఎవరో, నాకు ఈ రోజుకీ తెలియదు. చదివినదంతా ముందు పెట్టుకుని కూర్చున్నా తేలలేదు.

ఆ రోజు నేను కారెక్కబోతుంటే నర్సింలు గేటు దాకా వచ్చాడు. "సరిపాయెనా?" అని అడిగాడు. నన్నే చూస్తున్నాడు కానీ, అడిగింది నన్నేనా అని నాకు అనుమానం వచ్చింది.

సరిపోయిందని జవాబు చెప్పాను. ఏ యాసలో చెప్పానో గుర్తు లేదు.